రాయి మీద పెన్సిల్ గీతలెందుకు?

ఈ సానరాయి మీద పెన్సిల్‌తో గళ్ళు గీస్తున్నాను, చూస్తూ ఉండండి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మన సెలూన్లలో ఇప్పుడు ఉస్తరా అంటే సగం బ్లేడు విరిచి దూర్చేదే. మొద్దుబారితే పారేస్తారు, రాయితో పనే లేదు. నేను చెప్పేది పాతకాలపు మడత కత్తి సంగతి. దానికి పదును మనమే పెట్టుకోవాలి. కొత్తవాళ్ళంతా "ఏ రాయి కొనాలండీ?" అని అడుగుతారు. ముందు రాయిని చదును చేసే డైమండ్ ప్లేటు కొనండి అంటాను.

నేను మాత్రం ఆ పని చెయ్యలేదు! 12000 గ్రిట్ రాయి డబ్బు పోసి తెప్పించుకున్నాను. గ్రిట్ అంటే రాయి రేణువుల సైజు లెక్క, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు. నూరి చూస్తే కత్తి రెండు చివర్లా వెంట్రుక తెగుతోంది, నడుమ తెగదు. కొత్త రాయిని తిట్టుకున్నాను. తీరా తప్పు దానికి ముందు వాడిన 1000 రాయిది. వాడగా వాడగా మధ్యలో పళ్ళెంలా గుంటపడింది. కత్తి అలుగు పొడవు, రాయి వెడల్పు ఇంచుమించు ఒకటే, మూడు అంగుళాలు. అడ్డంగా పెడితే రెండు చివరలే ఆనుతాయి, నడుమ గాల్లో ఉంటుంది.

ఇదిగో, ఆ 1000 రాయి మీదే నీళ్ళు పోసి ప్లేటుతో రుద్దాను. అంచుల గీతలు పోయాయి, మధ్యవి మిగిలాయి. గుంట అక్కడే. అన్నీ చెరిగేదాకా రుద్దాలి. ప్లేటు లేకపోతే మందపాటి అద్దం మీద వాటర్ పేపర్ పరిచినా పనవుతుంది. రాయి అంచుల పదును కూడా కాస్త చంపండి, లేకపోతే పెచ్చులూడతాయి.

ఇక రాళ్ళు. అలుగుకి వాలు తియ్యడానికి 1000, ఆపైన నార్టన్ కంపెనీ 4000/8000 రెండు ముఖాల రాయి. గడ్డానికి ఇవి చాలు, 12000 సరదాకి. బెల్జియం ఆర్డెన్ ప్రాంతంలో దొరికే పసుపుపచ్చ సహజ సానరాయి, కోటిక్యూల్ మీద మోజుంటే ఒక మాట. అందులో కోసేవి గార్నెట్ అనే గట్టి ఖనిజపు రేణువులు. బురద తేలేలా రుద్దితే చురుగ్గా కోస్తుంది, వట్టి నీళ్ళ మీద నిదానంగా నునుపు చేస్తుంది. ముక్క ముక్కకీ గుణం మారుతుంది కాబట్టి మొదటి రాయిగా వద్దు.

కింగ్ కంపెనీ 1000 రాయి లాంటివి నీళ్ళలో బుడగలు ఆగేదాకా నానాలి. కోటిక్యూల్‌కి పైన నీళ్ళు చల్లితే చాలు. ఇలా నీళ్ళతో వాడే రాయికి నూనె తగలనివ్వకండి. ఆరబెట్టేది నీడలో, ఎండలో కాదు.

ఇప్పుడు కత్తి. వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి, అంచు ముందు నడవాలి, బరువు వెయ్యొద్దు. తోలుపట్టీ మీద మాత్రం వెన్ను ముందు.

మళ్ళీ 1000 నుంచి మొదలుపెట్టి వరుసంతా పూర్తి చేశాను. నడుమ వెంట్రుక ఆనిస్తున్నాను... తెగింది!