కరెంటు పోయినా నేల తడవని సంపు: మొదటి ఉప్పునీటి అక్వేరియం కోసం

దృశ్యం: చీకటి హాలు. టార్చిలైటు వెలుగులో నేల మీద పాకుతున్న నీళ్లు.

రాత్రి రెండున్నరకు మా ఇంట్లో కరెంటు పోయింది. కాసేపటికే హాలంతా ఉప్పునీళ్లు. చేపలకు ఏమీ కాలేదు. కానీ క్యాబినెట్ అడుగు చెక్క ఉబ్బిపోయింది, దాని పక్కనే పెట్టిన పవర్ బోర్డు తడిసిపోయింది. మా అమ్మ ఆ తడిలో నడుస్తున్నప్పుడు కరెంటు వచ్చి ఉంటే? ఆ భయం నాకింకా పోలేదు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈ వీడియో చేస్తున్నాను.

దృశ్యం: పైన ట్యాంకు, కింద తలుపులు తీసిన క్యాబినెట్‌లో సంపు.

సంపు మనకు కొత్త మాట కాదు. ఇంటి ముందు నేలలో సంపు, డాబా మీద ట్యాంకు, మధ్యలో మోటారు. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ పైకెక్కిన నీళ్లు ఓవర్‌ఫ్లో అనే పొంగు దారి గుండా మళ్లీ కిందికే దిగుతాయి, రోజంతా తిరుగుతూనే ఉంటాయి. హీటరు, నురగతో మలినాలను తీసేసే స్కిమ్మర్ లాంటివి కింద ఉండిపోతాయి, పైన చేపలూ రాళ్లే కనిపిస్తాయి. మొత్తం నీళ్లు పెరుగుతాయి కాబట్టి చిన్న పొరపాటు జరిగినా ఉప్పు శాతం, వేడి ఒక్కసారిగా మారిపోవు.

మరి ఎంత సంపు కొనాలి? చాలామంది స్కిమ్మర్ పడుతుందా, పంపు పడుతుందా అని చూస్తారు. నేనూ అలాగే కొన్నాను. ముందు అడగాల్సింది అది కాదు. మోటారు ఆగితే పైనుంచి ఎన్ని నీళ్లు దిగుతాయి? సంపు సైజు తేల్చేది ఆ లెక్కే.

దృశ్యం: తెల్లకాగితం మీద లెక్క, దగ్గరగా.

పై ట్యాంకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు అనుకుందాం. నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే సుమారు 4 లీటర్లు కిందికొస్తాయి. పంపు ఆగగానే, నీళ్లను పైకి చేర్చే రిటర్న్ పైపు వెనక్కి నీళ్లు లాగుతుంది, దాని మూతికి గాలి తగిలేదాకా ఆగదు. మూతి 3 సెంటీమీటర్ల లోతులో ఉంటే 12 లీటర్లు. పైపుల్లో, ఓవర్‌ఫ్లో పెట్టెలో ఉన్నవి ఒక 5 లీటర్లు. మొత్తం 17.

కింద సంపు 75 పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు. అందులో నీళ్లు 20 సెంటీమీటర్లు ఉన్నాయి. 17 లీటర్లు వచ్చి పడితే మట్టం ఆరున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు అదే మూతిని 12 సెంటీమీటర్ల లోతుకు ముంచండి. 48, ఇంకో 5 కలిపి 53 లీటర్లు. మట్టం 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. 20కి 20, మొత్తం 40. సంపు అంచు! లోపల స్కిమ్మర్, రాళ్లు ఆక్రమించిన చోటు కూడా కలిపితే పొంగిపోవడం ఖాయం. మా ఇంట్లో జరిగింది ఇదే. నీళ్ల చప్పుడు రాకూడదని మూతిని లోతుకు దించాను.

నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ పెడితే చాలదా అంటారేమో. దాన్ని నమ్ముకోకండి. ఉప్పునీటిలో నాచు, సున్నపు పొర పట్టి అది పూర్తిగా మూసుకోదు. మూతిని నీటి పైమట్టానికి దగ్గరగా పెట్టడమే అసలు రక్షణ.

దీనికి ఎదురు లెక్క ఇంకొకటి ఉంది. దిగే పైపులో నత్తో, నాచో అడ్డం పడితే? పంపు మాత్రం తోడుతూనే ఉంటుంది. అందుకే సంపులో పంపు ఉండే చివరి అర (గది) చిన్నదిగా ఉండాలి. అందులోని నీళ్లన్నీ పైకెక్కినా పై ట్యాంకు పొంగకూడదు. దిగే పైపు పక్కనే అత్యవసరానికి రెండో పైపు తప్పకుండా పెట్టించుకోండి. ఓవర్‌ఫ్లో కోసం రంధ్రం వేయించే ముందు గాజు టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరచినది) కాదని దుకాణంలో ఖాయం చేసుకోండి. టఫెన్డ్ గాజుకు డ్రిల్లు పెడితే మొత్తం పొడిపొడి అవుతుంది.

దృశ్యం: సంపులోని అరలు, ఒకదాని తర్వాత ఒకటి.

మొదటి అరలో నీళ్లు మెష్ సంచిలోకి పడి చెత్త ఆగుతుంది. సంచిని మూడు నాలుగు రోజులకోసారి ఉతకాలి. రెండోది స్కిమ్మర్ అర. ఈ పరికరానికి మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి, ఎంత లోతు కావాలో దాని పెట్టె మీదే రాసి ఉంటుంది. అడ్డుగాజుల వరస బుడగలను ఆపుతుంది. చివరిది పంపు అర.

ఆవిరైపోయిన నీళ్ల లోటు కనిపించేది ఈ చివరి అరలోనే. హైదరాబాద్ మే నెలలో, పైన ఫ్యాన్ కూడా పెడితే, ఇది చాలా త్వరగా తగ్గుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి ఉప్పు కలపని ఆర్‌వో నీళ్లే పోయాలి. తగ్గిన నీళ్లను తనే పోసే ఆటో టాప్ అప్ పెట్టుకుంటే ఊరెళ్లినా టెన్షన్ ఉండదు.

పంపు విషయానికొస్తే, పెట్టె మీద గంటకు 2000 లీటర్లు అని ఉన్నా మీటరున్నర ఎత్తుకు ఎక్కేసరికి చాలా తగ్గుతుంది. పై ట్యాంకులోని నీళ్లకు మూడు నుంచి ఐదు రెట్లు గంటకు పైకి చేరితే చాలు.

కొనే ముందు క్యాబినెట్ తలుపు వెడల్పు కొలవండి. స్కిమ్మర్ కప్పును పైకెత్తి తీసే చోటు కూడా. పవర్ బోర్డును పైన, గోడకు బిగించండి. ప్రతి వైరూ బోర్డుకు చేరే ముందు కిందికి వంగి ఉండాలి, జారిన చుక్క అక్కడే రాలిపోతుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ లేకుండా మొదలుపెట్టొద్దు.

దృశ్యం: స్విచ్ మీద వేలు, తర్వాత సంపు గాజు మీద మార్కర్ గీత.

అంతా బిగించాక ఉప్పు కలపకండి. మామూలు నీళ్లతో ఒక రోజు నడపండి. తర్వాత స్విచ్ ఆపండి. నీళ్లు దిగుతాయి, దిగుతాయి, ఆగుతాయి. పొంగేలా ఉంటే రెండు మగ్గులు తీసేసి మళ్లీ ప్రయత్నించండి. సరిపోయిందా? మళ్లీ ఆన్ చేసి, మట్టం స్థిరపడ్డాక పంపు అరలో ఎంత వరకు ఉందో గాజు మీద గీత గీయండి. ఇకపై ఎప్పుడు నీళ్లు పోసినా ఆ గీత దాటకూడదు.

ఇప్పుడు ఆ నీళ్లు తీసేసి, లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన అక్వేరియం సముద్రపు ఉప్పు కలిపిన ఆర్‌వో నీళ్లు నింపండి. రెండు రోజులయ్యాక పైపు జాయింట్ల చుట్టూ వేలితో తడిమి చూడండి. తెల్లటి పొడి గరుగ్గా తగిలితే, కంటికి కనిపించని లీకు అక్కడే ఉంది.