మూడు అంగల లెక్క

(విశాఖ పౌర గ్రంథాలయంలో జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇందాక బయట టీ తాగుతూ నలుగురు విద్యార్థులను హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజి గురించి అడిగాను. మన విశాఖ అమ్మాయి, నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లలో పనిచేసేవారు అని నలుగురూ ఠకీమని చెప్పారు. వంద మీటర్ల పరుగులో ఎన్ని హర్డిల్స్, అంటే అడ్డంకులు, దాటాలని అడిగితే ఒకరు ఎనిమిదన్నారు, మిగతా ముగ్గురు టీ మీద దృష్టి పెట్టారు. తప్పు వారిది కాదు. ఏళ్ల తరబడి ఆటల పేజీ దిద్దిన నాలాంటి వాళ్లది.

పది దాటాలి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం 8.5 మీటర్లు, అందులో మూడే అంగలు. నాలుగో అంగ పడిందా, ముందు లేవవలసిన కాలు మారిపోతుంది, లయ చెడుతుంది. 2020లో జ్యోతి 13.03 సెకన్లలో పరుగెత్తింది. ఆ పోటీలో డోప్ పరీక్ష జరగలేదని జాతీయ రికార్డు ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. ఈసారి వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది, నిబంధన ఒప్పుకునేది 2.0. అదీ పోయింది. మరుసటి నెల సైప్రస్‌లో 13.23తో, 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరిట ఉన్న 13.38 రికార్డును చెరిపేసింది. సముద్రపు గాలికి అలవాటుపడిన ఊరి పిల్లకు గాలే అడ్డొచ్చిన కథ ఇది. ఇంతటి కథ చేతిలో ఉండగా మనం వాళ్లమ్మ పనిచేసిన ఇళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాం.

మగ ఆటగాళ్ల ఇంటి కష్టాలు రాయమా? రాస్తాం. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మన నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ చేసినప్పుడు తండ్రి కన్నీళ్లను టీవీలన్నీ చూపించాయి. అయితే ఆ రాత్రే అతను ఏ బంతిని ఎలా ఆడాడో కూడా విశ్లేషించారు. అబ్బాయికి కష్టం ముందుమాట అయితే, అమ్మాయికి అదే పుస్తకమంతా. వివక్ష అంటే బూతులు రాయడమే అనుకుంటారు చాలామంది. ఆటను రాయకపోవడం అంతకంటే పెద్ద వివక్ష అని నా లెక్క.

బూతులకూ కొదవ లేదనుకోండి. సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు మన శ్రీకాకుళం వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి ఒళ్లు చేసిందని వెక్కిరిస్తూ రాశారు. 2000 సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యాక కలాలన్నీ మాట మార్చాయి. 2016లో సింధు రియోలో ఫైనల్ ఆడేనాటికి ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికినవారిలో ముందున్నది మన తెలుగువాళ్లే. దాని గురించి ఇంతకంటే మాట్లాడను, సిగ్గేస్తుంది.

శీర్షికల సంగతి చూడండి. పురుషుల జట్టు గెలిస్తే 'భారత్ గెలుపు'. మహిళల జట్టు గెలిస్తే 'అమ్మాయిలు అదరగొట్టారు'. ముప్పై ఐదు దాటిన హర్మన్‌ప్రీత్ ఇంకా అమ్మాయే! మన వ్యాకరణం కూడా తక్కువది కాదు. కోహ్లీ వెళ్లాడు, బంతి వెళ్లింది, స్మృతి వెళ్లింది. వ్యాకరణాన్ని మార్చమని ఎవరినీ అడగలేను కానీ, శీర్షిక మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

'ఎవరూ చూడరండీ' అనేది మా డెస్కులో రోజూ వినిపించిన మాట. నేనూ అన్నాను. చూపించకుండా చూడరని ఎలా తెలిసిందో ఎవరమూ అడగలేదు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ ప్రసార హక్కులు ఐదేళ్లకు 951 కోట్లకు అమ్ముడయ్యాయి. కొన్నవారు దానధర్మాలు చేసే రకం కాదు. అంతకు కొన్ని నెలల ముందే, 2022 అక్టోబరులో, క్రికెట్ బోర్డు పురుషులకూ మహిళలకూ మ్యాచ్ ఫీజులను సమానం చేసింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టి20కి 3.

2025 అక్టోబరు 12న మన మధురవాడ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్, ఒక గేటుకు రావి కల్పన, ఇద్దరు మాజీ క్రికెటర్ల పేర్లు వెలిశాయి. అదే రోజు మనవాళ్లు 330 పరుగులు చేస్తే, హీలీ 142 కొట్టి ఆస్ట్రేలియాను గెలిపించింది. మహిళల వన్డేల్లో అంతవరకూ అంతటి లక్ష్యాన్ని ఎవరూ ఛేదించలేదు. ఆ పరుగుల వానలోనూ కడప జిల్లా శ్రీచరణి 41 పరుగులకే 3 వికెట్లు తీసింది. ఓడిపోయిన మ్యాచ్‌లో ఆమె బంతి ఎలా తిరిగిందో రాసిన రోజు మన పేజీ బాగుపడినట్టు. ఆ ఏడాదే మే 29న దక్షిణ కొరియాలోని గుమిలో వాన వెలిశాక, దాదాపు ఖాళీగా ఉన్న స్టాండ్ల ముందు జ్యోతి 12.96తో ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. అక్కడ ప్రేక్షకులు లేకపోవడం వాన తప్పు. ఇక్కడ పాఠకులు లేకపోవడం ఎవరి తప్పు?

చివరిగా నా సంగతి ఒకటి. చాలా ఏళ్ల కిందట జిల్లా అథ్లెటిక్స్ ఫలితాలు రాత్రి తొమ్మిది దాటాక వచ్చాయి. పేజీలో చోటు లేదని మహిళల ఫలితాలు కోసేశాను. మూడు రోజులకు ఒక పెద్దాయన ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. కూతురు లాంగ్‌జంప్‌లో మొదటి స్థానం వచ్చిందట. సాయం చేస్తామన్న వారెవరో పేపర్ క్లిప్పింగ్ తెమ్మన్నారట. 'ఏ పేజీలో పడిందండీ, మాకు దొరకలేదు' అన్నారు. పాత పేపర్ల కట్ట ముందుపెట్టి, వెతికినట్టు నటించాను. ఆ చోటులో ఒక క్రికెటర్ కొత్తగా కత్తిరించుకున్న జుట్టు ఫొటో ఉంది, మూడు కాలమ్‌లలో. ఆ అమ్మాయి ఎంత దూరం దూకిందో ఆయనను అడగాలని కూడా నాకు తోచలేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.