బెర్లిన్ యూదుల మ్యూజియం: టికెట్ ఉచితం, నేల మాత్రం ఏటవాలు

అందరికీ నమస్కారం. ప్రతి శనివారం రాత్రి మా అత్తయ్య ఫోన్ చేసి "రేపెక్కడికి వెళ్తున్నారమ్మా, వీడియో పెట్టు" అంటారు. జర్మనీలో ఆదివారం షాపులన్నీ మూసేస్తారంటే ఆవిడకి ఇప్పటికీ నమ్మకం కుదరదు. నిజమేనండీ. ఇక్కడ ఆదివారం కొత్తిమీర కట్ట అయిపోయిందంటే సోమవారం దాకా పప్పుచారులో కొత్తిమీర లేనట్టే. పెద్ద రైల్వే స్టేషన్లలో నాలుగు షాపులు తీసుంటాయి గానీ అక్కడ రేట్లు చూస్తే పప్పుచారే వద్దనిపిస్తుంది. కాబట్టి ఆదివారం అంటే మాకు పార్కో, మ్యూజియమో. ఇవాళ మా ఆయన, మా చిన్నోడు, నేను యూదుల మ్యూజియానికి వెళ్తున్నాం.

ముందు ఖర్చు చెప్పేస్తాను, ఎలాగూ కామెంట్లలో అదే అడుగుతారు. యూరోకి వంద రూపాయలు వేసుకోండి, లెక్క తేలిక. నెలంతా దేశంలో ఎక్కడైనా సిటీ రైళ్లు, బస్సులు, ప్యాసింజర్ రైళ్లు ఎక్కడానికి ఒకటే పాస్ ఉంది. 2023లో 49 యూరోలతో మొదలుపెట్టారు, 2025లో 58 చేశారు. అంటే అప్పట్లో 5,800 రూపాయలు. ఆ పాస్ మా ఇద్దరికీ ఉంది. మ్యూజియంలో శాశ్వత ప్రదర్శన ఉచితం. సున్నా యూరోలు, సున్నా రూపాయలు! అయినా ఆన్‌లైన్‌లో ఏ టైముకి వస్తారో ముందే బుక్ చేసుకోవాలి. లోపల టాయిలెట్ కూడా ఉచితమే. నవ్వకండి, ఈ ఊళ్లో బయట టాయిలెట్‌కి వెళ్లాలంటే చాలాచోట్ల యాభై సెంట్లు, కొన్నిచోట్ల యూరో. అంటే ఒక్కసారికి వంద రూపాయలు. ఈ లెక్క మొదటిసారి చెప్పినప్పుడు మా నాన్న ఫోన్‌లో ఏమీ మాట్లాడలేకపోయారు.

హాలెషెస్ టోర్ స్టేషన్‌లో దిగి నడిస్తే లిండెన్‌స్ట్రాసె అనే వీధి. బయట పోలీసులున్నారు. జర్మనీలో యూదుల ప్రార్థనా మందిరమైనా, బడి అయినా, మ్యూజియమైనా బయట పోలీసు కాపలా ఉంటుంది. హిట్లర్ కాలం పోయి ఇన్నేళ్ల తర్వాత కూడా. లోపలికి వెళ్లగానే ఎయిర్‌పోర్ట్‌లోలాగా బ్యాగులు స్కానర్‌లో వెయ్యాలి. మా బ్యాగులో జంతికల డబ్బా ఉంది. స్కానర్ దగ్గరున్న ఆయన తెరమీద ఆ చుట్టల్ని చూసి కాసేపు ఆలోచించాడు. మూత తీసి చూపించాను. తినే వస్తువేనని నమ్మాడు గానీ ఒకటి తీసుకోమంటే వద్దన్నాడు, డ్యూటీలో ఉన్నాడట.

ఇంకో మాట. నాలాగా చానెల్ పెట్టుకున్నవాళ్లు లోపల షూట్ చెయ్యాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అందుకే మీకు బయటి దృశ్యాలే కనిపిస్తున్నాయి, లోపలివి నా మాటల్లో వినండి.

చూస్తున్నారు కదా, పక్కపక్కనే రెండు భవనాలు. ఒకటి పసుపు రంగుది, 1735లో కట్టింది. రెండోది జింకు రేకులు తొడిగిన బూడిదరంగు భవనం, పిడుగు గీతలా మెలికలు తిరిగి ఉంటుంది. కిటికీలు కిటికీల్లా ఉండవు, ఎవరో కత్తితో అడ్డదిడ్డంగా కోసినట్టు సన్నటి చీలికలు. దీన్ని డిజైన్ చేసినాయన డేనియల్ లిబెస్కిండ్. 1946లో పోలండ్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు యూదుల నరమేధం నుంచి బతికి బయటపడ్డవాళ్లు. భవనం 1999లో పూర్తయింది. ఒక్క వస్తువు కూడా పెట్టకముందే, ఉత్త గోడలు చూడటానికి మూడు లక్షల మందికి పైగా వచ్చారు. ప్రదర్శన జనానికి తెరవాల్సిన రోజు 2001 సెప్టెంబరు 11. అదే రోజు న్యూయార్క్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. వాయిదా వేసి 13న తెరిచారు.

కొత్త భవనానికి వీధిలోంచి తలుపు లేదు. పాత భవనంలోంచి మెట్లు దిగి, భూమి కిందుగా వెళ్లాలి. దిగాక మూడు దారులు. ఒకటి దేశం వదిలి వెళ్లిపోయినవాళ్లది, ఒకటి చంపబడ్డవాళ్లది, ఒకటి మెట్లెక్కి పైన ప్రదర్శనలోకి తీసుకెళ్లేది. నేల చదునుగా ఉండదు. చూడ్డానికి మామూలు కారిడార్‌లాగే ఉంటుంది, పది అడుగులు వేశాక ఒళ్లు ఎందుకో ముందుకు తూలుతుంది. గోడలు కూడా నిటారుగా ఉండవు. నాకు బీపీ తగ్గిందేమో అనుకున్నాను. మా ఆయన ఇంజినీరు బుద్ధితో ఫోన్‌లో లెవెల్ చూసే యాప్ తీశారు, "కావాలనే కట్టారే" అంటూ. వచ్చినవాడి కాలు నిలవకూడదనే కట్టారు.

చంపబడ్డవాళ్ల దారి చివర బరువైన తలుపు. లోపల 24 మీటర్ల ఎత్తున్న ఖాళీ గది. హీటర్ లేదు, దీపం లేదు, పైనెక్కడో సన్నటి చీలికలోంచి కాస్త వెలుగు. బయట వీధి చప్పుడు లీలగా వినిపిస్తుంది, వీధి మాత్రం కనిపించదు. నవంబరు నెల, చలి కాళ్లలోంచి ఎక్కుతోంది. మా చిన్నోడు "అమ్మా, ఇక్కడ ఏం పెట్టలేదేంటి?" అన్నాడు. ఏం పెట్టలేదు నాన్నా అన్నాను. వాడు ఊరుకోడు కదా, "మరి ఎందుకొచ్చాం?" బయటికి తీసుకొచ్చేశాను. ఆరేళ్లవాడికి ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లుంటే కామెంట్ పెట్టండి.

వెళ్లిపోయినవాళ్ల దారిలో నాకు కాలు కదల్లేదు. గోడల్లో అమర్చిన అద్దాల వెనక ఉత్తరాలు, ఫొటోలు, ఒక్కో కుటుంబానివి ఒకటో రెండో వస్తువులు. నేను ఇండియా నుంచి వచ్చినప్పుడు ఇరవై మూడేసి కిలోల సూట్‌కేసులు రెండు తెచ్చుకున్నాను. కుక్కర్, ఆవకాయ, ఇడ్లీ రేకులు, పెళ్లి చీరలు. బరువు అరకిలో ఎక్కువైందని ఎయిర్‌పోర్ట్‌లో కందిపొడి తీయించారని ఏడ్చాను కూడా. 1930ల చివర్లో ఇదే ఊరి నుంచి బయటపడాలంటే కలిగినవాళ్లు ముందు ఆస్తిలో నాలుగో వంతు పన్ను కట్టాలి. దేశం వదిలిపోతున్నందుకు పన్ను! ఇల్లూ దుకాణం అయినకాడికి అమ్ముకోవాలి. అన్నీ అయ్యాక మనిషి జేబులో పెట్టుకుని సరిహద్దు దాటనిచ్చేది పది మార్కులు, అంటే అప్పటి జర్మనీ డబ్బు. నాకు ఏది చూసినా రూపాయల్లోకి మార్చే జబ్బు ఉంది కదా, అక్కడే నిలబడి లెక్క వేశాను. ఆ రోజుల్లో డాలరుకి దాదాపు రెండున్నర మార్కులు. పది మార్కులంటే నాలుగు డాలర్లు. అప్పటి మన రూపాయల్లో పదకొండో పన్నెండో.

పోనీ వెళ్దామన్నా వీసా ఎవరిస్తారు? 1938లో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని ఈ శరణార్థుల సంగతి మాట్లాడుకున్నాయి. అందరూ అయ్యో అన్నారు, దాదాపు అందరూ మా దగ్గర చోటు లేదన్నారు. చిన్నదేశం డొమినికన్ రిపబ్లిక్ తీసుకుంటానంది. వీసా లేకుండా దిగనిచ్చిన ఊరు షాంఘై ఒకటుండేది, అక్కడికి దాదాపు ఇరవై వేల మంది చేరారు. బ్రిటన్ దాదాపు పది వేల మంది పిల్లల్ని తీసుకుంది, అమ్మానాన్నలు లేకుండా, రైళ్లలో. నా వీసా రెన్యువల్‌కి అపాయింట్‌మెంట్ దొరక్క నెలల తరబడి రాత్రుళ్లు వెబ్‌సైట్ రిఫ్రెష్ చేసినదాన్ని నేను. ఆ టెన్షన్ మీద వీడియో కూడా చేశాను, చూసే ఉంటారు. ఇవాళ్టికి దాని గురించి మాట్లాడను.

ఆ దారి చివర తలుపు తీస్తే తోట. ఏడు వరసల్లో 49 కాంక్రీటు స్తంభాలు, స్తంభాల పైన చెట్లు. 48 స్తంభాల్లో బెర్లిన్ మట్టి, మిగిలిన ఒక్కదాంట్లో జెరూసలేం మట్టి పోశారు. నేల ఇక్కడా ఏటవాలే, అదీ మూలకి. స్తంభాల మధ్య నడుస్తుంటే కడుపులో తిప్పుతుంది. చెట్టు నీడ కావాలంటే తలెత్తాలి, తలెత్తితే తూలిపోతాం. ఊరు వదిలి ఇన్నేళ్లయ్యాక ఎవరైనా "అలవాటైపోయిందా అక్కడ?" అని అడిగితే ఆఁ అయిపోయింది అంటాను. పండగ రోజు ఆఫీసు మీటింగులో కూర్చున్నప్పుడు ఇలాగే ఉంటుందని ఎవరికీ చెప్పలేదు. సరే, మళ్లీ దారి తప్పాను. నన్నెవరూ తరమలేదు, టికెట్ కొనుక్కుని వచ్చాను.

ఆ తోటలోనే మా ఆయన ఒక సంగతి చెప్పారు. ఆకాశవాణిలో తెల్లారగానే వచ్చే ట్యూన్ గుర్తుందా? తాతయ్య రేడియో గుండీ తిప్పగానే వార్తలకంటే ముందు వయొలిన్, వెనక తంబురా. విజయవాడ కేంద్రమైనా హైదరాబాదు కేంద్రమైనా అదే. దాన్ని కూర్చింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడని చెబుతారు. 1907లో ఇప్పటి చెక్ దేశంలో పుట్టి, ఈ బెర్లిన్‌లోనే సంగీతం చదువుకుని, హిట్లర్ వచ్చాక 1934లో బొంబాయి చేరాడు. ఇండియా వీసా తేలిగ్గా దొరికింది కాబట్టి అటు వచ్చాడట. తర్వాత బొంబాయి రేడియోలోనే సంగీత విభాగం చూశాడు. మా ఆయన ఫోన్‌లో ఆ ట్యూన్ పెట్టబోతే వద్దన్నాను, చుట్టూ జనం ఉన్నారు.

పైన ప్రదర్శనలో మొత్తం విషాదమే ఉంటుందనుకోకండి. జర్మనీ ప్రాంతంలో యూదులున్నట్టు పాత ఆధారం క్రీ.శ. 321 నాటిది, కొలోన్ ఊరి గురించి రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఇచ్చిన ఉత్తర్వు. అంటే 1700 ఏళ్ల కథ, అందులో హిట్లర్ పన్నెండేళ్లు. అందుకే పెళ్లిళ్లు, పాటలు, చదువులు, వ్యాపారాలు అన్నీ ఉన్నాయి. నాకు నచ్చింది వాళ్ల వంటింటి పద్ధతి. పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు, పొరపాటున కూడా కలవకూడదు. అచ్చం మా నాయనమ్మ మడి వంటిల్లే, గిన్నె ముట్టుకుంటే గొడవే. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా పొయ్యి వెలిగించకూడదు. అందుకని బీన్సు, బార్లీ, మాంసం కలిపి ముందే సన్న సెగ మీద పెట్టేస్తే రాత్రంతా ఉడికి మర్నాటికి వేడిగా ఉంటుంది. చోలెంట్ అంటారు. రాజ్మాతో చేస్తే మన ఇళ్లల్లో కూడా తినొచ్చు.

అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ మేం ఏ భాష మాట్లాడుతున్నామని అడిగారు. తెలుగు అన్నాను. ఊరుకోకుండా, మా భాషలో మాట్లాడే యూదులు కూడా ఉన్నారండీ అన్నాను. ఆవిడ నమ్మలేదు. మా గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉంది కదా, అక్కడ బెనే ఎఫ్రాయిమ్ అని చిన్న సమాజం. తాము ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిమ్ గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు, 1990ల మొదట్లో సొంతంగా ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు, శనివారం ప్రార్థనలు చేస్తారు. ఆవిడ ఊరి పేరు కాగితం మీద రాయించుకున్నారు. కొత్తరెడ్డిపాలెం అని జర్మన్ అక్షరాల్లో రాసి, మూడుసార్లు పలికించి, నాకేదో బహుమతి వచ్చినంత గర్వంగా నడిచాను. మా అత్తయ్య వాళ్లది ఆ పక్క ఊరే మరి!

నాజీల కాలం గదిలో నన్ను పట్టేసింది ఉత్తర్వులు. పెద్ద పెద్ద క్రూరమైనవి ఎలాగూ విన్నాం. చిన్నవి చూడండి. 1938 డిసెంబరులో డ్రైవింగ్ లైసెన్సులు రద్దు. 1939లో రేడియోలు అప్పజెప్పాలి. 1940 జులై నుంచి బెర్లిన్ యూదులు సరుకులు కొనుక్కోవాల్సింది సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకే. 1942లో కుక్కని, పిల్లిని, పిట్టని పెంచుకోకూడదు. ఎవరో ఒక గుమస్తా ఆఫీసులో కూర్చుని టీ తాగుతూ ఆలోచించి టైపు చేయించి ఉంటాడు కదా ఇవన్నీ. నాలుగింటికి షాపుకి వెళ్తే అప్పటికి బ్రెడ్ మిగిలి ఉంటుందా? 1933లో ఈ ఊళ్లో లక్షా అరవై వేల మంది యూదులున్నారు. సగానికి పైగా ఎలాగో వెళ్లిపోగలిగారు. దాదాపు యాభై అయిదు వేల మందిని చంపేశారు.

ఇంకొక చోట మా ఇద్దరికీ గొడవైంది. ఎత్తైన ఖాళీ మూలలో నేలంతా ఇనుప ముఖాలు పరిచారు. గుండ్రటి రేకు, రెండు కళ్లు, తెరిచిన నోరు. పదివేలకి పైగా ఉన్నాయి, ఇజ్రాయెల్ శిల్పి మెనాషె కడిష్‌మాన్ చేసినవి. వాటి మీద నడవచ్చు, నడిస్తేనే ఆ పని పూర్తయినట్టు. జనం నడుస్తుంటే ఇనుము మీద ఇనుము పడి గణగణమని మోత. మా ఆయన నడుద్దామన్నారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనం మొహం మీద బూటు కాలు ఎలా పెడతాం? నేను పెట్టలేదు. "శిల్పి నడవమన్నాడు కదా" అని ఆయన వాదన. ఆయన అటు చివరిదాకా వెళ్లి వచ్చారు, వచ్చేటప్పుడు మెల్లగా, ఒక్కో ముఖం పక్కన ఖాళీ వెతుక్కుంటూ. ఇంటికొచ్చేదాకా ఎవరిది రైటో తేల్చుకోలేదు. మీరైతే ఏం చేసేవారో రాయండి.

కాఫీ నాలుగు యూరోలు, నాలుగొందలు. తాగాం.

పిల్లలతో వచ్చేవాళ్లు ఇది వినండి. వీధికి అవతల ఇదే మ్యూజియం వాళ్లు పిల్లల కోసం అనోహా అని 2021లో తెరిచారు. ఒకప్పుడు హోల్‌సేల్ పూల మార్కెట్ ఉన్న హాలు. లోపల పెద్ద చెక్క ఓడ, అంటే నోవా ఓడ, ప్రళయం వచ్చినప్పుడు జంతువుల్ని ఎక్కించుకున్నది. పాత సామాను, పనికిరాని వస్తువులతో కళాకారులు చేసిన జంతువులు నూటయాభై దాకా. అదీ ఉచితమే, అక్కడ అన్నీ ముట్టుకోవచ్చు, ఎక్కొచ్చు, దూరొచ్చు. పొద్దున్నుంచి "ముట్టుకోకు" విన్న మా చిన్నోడు ఆ ఓడలోంచి దిగనన్నాడు. ముందు మ్యూజియం, తర్వాత ఇది పెట్టుకోండి. తిరగేస్తే పిల్లలు మ్యూజియంకి రారు.

వచ్చేవాళ్లకి మూడు గంటలు చాలవు, నాలుగు పెట్టుకోండి. మంచి బూట్లు వేసుకోండి, తల తిరిగే సమస్య ఉన్న పెద్దవాళ్లుంటే తోటలో చెయ్యి పట్టుకోండి. ఈ వీడియోకి వ్యూస్ రావని నాకు తెలుసు. పోయిన నెల ఇండియన్ స్టోర్‌లో మునక్కాడల రేటు మీద చేసిన దానికి వచ్చిన వ్యూస్‌లో పదో వంతు వచ్చినా గొప్పే. అత్తయ్యా, మీరు మాత్రం చివరిదాకా చూడండి, కొత్తరెడ్డిపాలెం వాళ్లెవరైనా తెలిస్తే ఈ లింకు పంపండి.