తరుగు లెక్క: యోంగ్‌జెంగ్ చక్రవర్తి మామూళ్లను జీతాలుగా మార్చిన వైనం

హోస్ట్: సార్, చైనా దర్బారులో అవినీతి అనగానే అందరూ చియెన్‌లాంగ్ చక్రవర్తి మంత్రి హెషెన్ పేరే ఎత్తుతారు. మీరేమో ఇంకా డెబ్బై ఏళ్లు వెనక్కి, 1723కి వెళ్దామంటున్నారు.

గెస్ట్: హెషెన్ కథలో మసాలా ఎక్కువండీ. ఆయనింట్లో దొరికిన సొమ్ము ఇంత అని చెప్పే అంకెలు చాలామటుకు పుకార్లే. యోంగ్‌జెంగ్ దగ్గర అయితే లెక్కలు దొరుకుతాయి. 1722 చివర్లో ఆయన తండ్రి కాంగ్‌షీ పోయేనాటికి రెవెన్యూ శాఖ ఖజానాలో ఉన్నది సుమారు 80 లక్షల లియాంగ్‌ల వెండి. లియాంగ్ అంటే 37 గ్రాములు, మన మూడు తులాల పైమాట. అంత పెద్ద రాజ్యానికి అదేం మూలకొస్తుంది?

హోస్ట్: డబ్బంతా ఎటు పోయినట్టు?

గెస్ట్: ముందు జీతాలు చూడాలి. కౌంటీ, అంటే మన తాలూకా లాంటిది, దాని మేజిస్ట్రేట్ అసలు జీతం 45 లియాంగ్‌లు. నెలకి కాదు, ఏడాదికి! పన్నులు, కేసులు చూసే సలహాదారులను ఆయనే పెట్టుకోవాలి, ఆయనే జీతాలివ్వాలి. పైవాళ్లకి మూడు పండగలకీ కానుకలు పంపాలి: కొత్త సంవత్సరం, ఐదో నెలలో వచ్చే డువాన్‌వూ, శరత్కాల పున్నమి. పై అధికారి పుట్టినరోజుకి ఒకటి, ఆయన భార్య పుట్టినరోజుకి ఇంకొకటి. వీటికి 'లౌగుయ్' అని పేరు. చెడ్డ ఆనవాయితీ అని అర్థం.

హోస్ట్: మన 'మామూళ్లు' కూడా అంతేగా, మామూలుగా జరిగేవని!

గెస్ట్: అచ్చంగా అంతే. ఇక ఆ డబ్బు పుట్టేది తరుగులోంచి. రైతు పన్ను చిల్లర వెండి ముక్కల్లో కడతాడు. వాటిని కరిగించి 50 లియాంగ్‌ల దిమ్మెలు పోసి పైకి పంపాలి. కరిగిస్తే నూటికి ఒకటో రెండో పోతాయి. దానికి 'హువోహావ్' అని పేరు, అంటే నిప్పులో పోయిన తరుగు. పోయేది రెండైతే మేజిస్ట్రేట్ వసూలు చేసేది పది, ఇరవై, కొన్నిచోట్ల ముప్పై పైన.

హోస్ట్: తూకం దగ్గర కాపలా ఏమీ లేదా?

గెస్ట్: ఉంది. గుమాస్తా చెయ్యి పడకూడదని, రైతే వెండిని కాగితం పొట్లంలో కట్టి, పేరూ మొత్తమూ రాసి, కచేరీలోని పెట్టెలో వెయ్యాలి. వినడానికి బాగుంటుంది. తర్వాత పొట్లం విప్పి తూచేది మాత్రం గుమాస్తానే. "తక్కువొచ్చింది, ఇంకా కట్టు" అంటే రైతు చేసేదేముంది?

హోస్ట్: యోంగ్‌జెంగ్ ఎక్కడ మొదలుపెట్టాడు?

గెస్ట్: ఆడిట్‌తో. 1723లో 'హుయికావ్‌ఫు' అనే తనిఖీ కార్యాలయం పెట్టి, తమ్ముడు యిన్‌షియాంగ్ చేతికిచ్చాడు. రెవెన్యూ శాఖలోనే 25 లక్షల లియాంగ్‌ల లోటు బయటపడింది. అందులో 15 లక్షలు అక్కడ పనిచేసినవాళ్లే కట్టాలన్నాడు. రాష్ట్రాలకి మూడేళ్ల గడువు. కట్టనివాళ్ల ఇళ్లు జప్తు. జనం ఆయన్ని జప్తుల చక్రవర్తి అన్నారు.

హోస్ట్: భయంతోనే దారికొచ్చారన్నమాట.

గెస్ట్: భయంతో పాత బాకీ వసూలవుతుంది కానీ 45 లియాంగ్‌ల జీతం అలాగే ఉంటే లోటు మళ్లీ వస్తుంది. ఆయన గొప్పతనం ఇది గ్రహించడంలో ఉంది. షాన్‌షీ గవర్నర్ నువోమిన్ అప్పటికే ఒక దారి చూపించాడు. 1724లో చక్రవర్తి దాన్ని అన్ని రాష్ట్రాలకీ తెచ్చాడు. తరుగు రేటు రాష్ట్రం ఖరారు చేస్తుంది. మేజిస్ట్రేట్ వసూలు చేసిందంతా రాష్ట్ర ఖజానాకి పంపాలి, తన దగ్గర పైసా ఉంచుకోకూడదు. అందులో కొంత పాత లోటు పూడ్చడానికి, కొంత కార్యాలయాలు, వంతెనల్లాంటి ఖర్చులకి. మిగతాది హోదాని బట్టి అధికారులకి తిరిగొస్తుంది. దాని పేరు 'యాంగ్‌లియన్', నిజాయితీని పోషించే వెండి.

హోస్ట్: ఎంతిచ్చేవారు?

గెస్ట్: గవర్నర్లకి పదివేల లియాంగ్‌ల పైన, మేజిస్ట్రేట్లకి కొన్ని వందల నుంచి వెయ్యి దాటి. కింది కౌంటీలు తరుగు దాచుకుని పైవాళ్లను పోషించే బదులు, పైవాళ్లే ఆ తరుగులోంచి కౌంటీలను పోషించవచ్చు కదా అన్నది చక్రవర్తి వాదన. నాకు మొత్తం సంస్కరణలో నచ్చేది ఈ ఒక్క మలుపే. డబ్బు అదే, నడిచే దిశ మారింది. 1730కల్లా ఖజానా 6 కోట్ల లియాంగ్‌ల దాకా చేరింది.

హోస్ట్: మంత్రులు ఒప్పుకున్నారా?

గెస్ట్: చాలామంది కాదన్నారు. అక్రమ వసూలుకి ముద్ర వేస్తే అదే అసలు పన్నైపోతుంది, దానిపైన కొత్త తరుగు మొలుస్తుందన్నారు. అదే జరిగింది. యోంగ్‌జెంగ్ కూడా ఇది తాత్కాలికమేననుకున్నాడు, లోటు తీరాక రేటు తగ్గిస్తూ పోవాలని.

హోస్ట్: మరి ఎక్కడ బెడిసింది?

గెస్ట్: భూమిపన్ను తక్కువ వచ్చే గుయిజౌ లాంటి రాష్ట్రాల్లో దాని మీద వేసే తరుగూ తక్కువే, పంచడానికి చాలదు. పైగా శతాబ్దం పొడవునా ధరలు పెరిగాయి, యాంగ్‌లియన్ మాత్రం కదల్లేదు. యోంగ్‌జెంగ్ కొడుకు చియెన్‌లాంగ్ కాలంలో రాష్ట్రాలు తరుగు సొమ్ము ఖర్చు లెక్కలు రెవెన్యూ శాఖకి అప్పజెప్పాల్సి వచ్చింది. స్థానికంగా అవసరాన్ని బట్టి వాడుకునే వీలు పోయింది. జరిమానాలూ యాంగ్‌లియన్‌లోంచే కోసేవారు, దాంతో మేజిస్ట్రేట్ మళ్లీ రైతు పొట్లం వైపే చూశాడు.

హోస్ట్: అంటే చివరికి హెషెన్ దగ్గరికే వచ్చాం!

గెస్ట్: వచ్చాం. ఆయన హయాంలో పెద్ద అధికారి తప్పు చేస్తే జరిమానా తానే ప్రతిపాదించుకోవాలి. 'యిజుయియిన్' అనేవారు. ఎక్కువ భాగం రెవెన్యూ శాఖకి కాకుండా చక్రవర్తి సొంత ఖజానాకి వెళ్లేది. పదివేల లియాంగ్‌లు తీసుకునే గవర్నర్ ముప్పై వేలు ఎక్కణ్నుంచి తెస్తాడు?

హోస్ట్: కింది మేజిస్ట్రేట్ల దగ్గర్నుంచే!

గెస్ట్: పండక్కి, పుట్టినరోజుకి.