మేయరు చేతికి అందేవి: ఒంగోలు లాంటి ఊరు సొంత డబ్బుతో ఎదిగే దారి

సభకు నమస్కారం. కార్పొరేటర్లకు, వార్డు సచివాలయాల కార్యదర్శులకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, కొట్లు కాసేపు పిల్లలకు అప్పగించి వచ్చిన ట్రంకు రోడ్డు వ్యాపారులకు నమస్కారం.

ఒంగోలుకు ఫ్యాక్టరీ ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లు ప్రతి సభలోనూ ఉంటారు. ఆ జవాబు మేయరు దగ్గర లేదు. భూమి కేటాయింపు, కరెంటు రాయితీ రాష్ట్రం చేతిలోవి. హైవే, రైలు కేంద్రానివి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ధర ఎక్కడో దూరదేశపు గిరాకీని బట్టి ఉంటుంది. పొగాకు వేలం టొబాకో బోర్డు నడుపుతుంది. మేయరుకు మిగిలేవి ఇంటిపన్ను, కాలువ, కుళాయి, చెత్త, మార్కెట్టు, వీధిదీపం. వినడానికి చిల్లర పనులే. ఊరు బతికేది మాత్రం వీటి మీదే.

ఒంగోలు జనం వచ్చిపోయే ఊరు. కొండపి, టంగుటూరు, సంతనూతలపాడు, మద్దిపాడు, నాగులుప్పలపాడు, కొత్తపట్నం వైపు నుంచి రోజూ దిగుతారు. రిమ్స్‌లో చూపించుకోవడానికి, కోర్టు వాయిదాకు, కలెక్టరేటులో అర్జీకి, కాలేజీ ఫీజుకు, పెళ్లి బట్టలకు వస్తారు. పొద్దున పదింటికి బస్సు దిగిన ఇల్లాలు ఒంటిగంటకే తిరుగు బస్సెక్కితే వచ్చిన పని ఒక్కటే చూసుకుని పోతుంది. సాయంత్రం దాకా ఉండగలిగితే హోటల్లో తింటుంది, ఇంకో రెండు కొట్లు ఎక్కుతుంది, ఆటో ఎక్కుతుంది. ఆమె నిలబడలేకపోవడానికి కారణాలు మనకు తెలుసు: వెళ్లదగ్గ మరుగుదొడ్డి లేదు, నీడ లేదు, వాన పడితే రోడ్డు దాటలేదు. ఈ ఊరి ఆర్థికాభివృద్ధిని నేను ఆమె ఎన్ని గంటలు ఉండగలిగిందన్న దాన్ని బట్టే కొలుస్తాను. ఆ గంటలు పెంచే డబ్బు ఎక్కడిదో ముందు చూద్దాం.

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను పట్టణాలకు ఇవ్వవచ్చని రాసింది. అధికారాలు ఎన్ని ఇవ్వాలో రాష్ట్రం ఇష్టానికి వదిలేసింది. కార్పొరేషన్లో కార్యనిర్వహణ అధికారం కమిషనరుది, తీర్మానం సభది, సభను నడిపేది మేయరు. ఒంగోలు 1876 నుంచి మునిసిపాలిటీ, 2012లో కార్పొరేషన్ అయింది. దానికి ఎన్నికలు జరిగింది మాత్రం 2021 మార్చిలో. అన్నేళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో ఫైళ్లు కదిలే ఉంటాయి. కానీ మా వీధికి ముందు ఏం కావాలో తేల్చుకునే సభ లేకపోయింది.

ఇక డబ్బు. 2021-22 నుంచి ఇంటిపన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, మిగతా కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు పెట్టుకోవచ్చు. పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న కట్టు ఉంది. 20 లక్షల విలువైన ఇంటికి 0.12 శాతం రేటు అనుకుంటే ఏడాదికి 2,400 రూపాయలు. అదే విలువ ఉన్న కొట్టుకు 0.30 అనుకుంటే 6,000. ఆదాయం ఎక్కడ దాక్కుందో ఈ తేడాలోనే ఉంది. రేటు పెంచితే 15 శాతం దగ్గర ఆగిపోతుంది, పైగా సక్రమంగా కట్టేవాడి మీదే భారం పడుతుంది. రిజిస్టర్లో ఇల్లుగా ఉండి కింద హాస్టలో, క్లినిక్కో, కోచింగ్ సెంటరో నడుస్తున్న కట్టడాన్ని సరైన పద్దులోకి తెస్తే రేటు ముట్టుకోకుండానే రెండున్నర రెట్లు వస్తుంది. తర్వాత ఎక్కించిన మూడో అంతస్తు, అసలు అసెస్‌మెంటే లేని కొత్త లేఅవుట్ ఇళ్లు కూడా అంతే.

దీనికి డ్రోను సర్వేలు అక్కర్లేదు, ఉంటే మంచిదే. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాలి: ఏ ఇల్లు ఎంత పన్ను కట్టాలో రాసి ఉండే డివిజన్ డిమాండ్ రిజిస్టరు, విద్యుత్ శాఖ కమర్షియల్ మీటర్ల జాబితా, ట్రేడ్ లైసెన్సుల జాబితా. కమర్షియల్ మీటరు ఉండి ఇంటిపన్ను నివాసం కింద కడుతున్న తలుపు నంబర్లకు సున్నా చుట్టండి. ప్లానింగ్ కార్యదర్శి వెళ్లి టేపు పట్టి కొలవాలి, ఫొటో తీయాలి, నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి. చెడేది ఇక్కడే. కార్పొరేటరు ఫోన్ చేసి "మనవాళ్లదయ్యా, ఆపు" అంటే ఆ ఒక్క ఇల్లే కాదు, వీధి మొత్తం ఆగుతుంది. పక్కవాడు చూస్తూనే ఉంటాడు కదా.

బకాయిల సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. వడ్డీ మాఫీ ప్రకటన వస్తుందేమోనని మార్చి దాకా ఆగడం మన జనానికి అలవాటైంది. మాఫీ వచ్చిన ప్రతిసారీ ఏప్రిల్లో కట్టినవాడు వెర్రివాడవుతున్నాడు. ఇంకొకటి, చాలా పట్టణాల్లో పెద్ద బకాయిదారుల జాబితా తీస్తే పైవరసలో కనిపించేవి ప్రభుత్వ కార్యాలయాలే. వాటికి నోటీసుతో పనికాదు. శాఖల వారీగా పట్టిక వేసి, మేయరు స్వయంగా కలెక్టరు సమీక్షలో పెట్టించాలి.

సొంత పన్నుకు ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణాల గ్రాంట్లకు షరతు పెట్టింది: ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్లో ఉండాలి, ఇంటిపన్ను వసూలు రాష్ట్ర ఉత్పత్తి పెరిగే వేగంతో పెరగాలి. అది మనలాంటి ఊళ్లకు ఇచ్చిన గ్రాంటులోనూ 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టుబడినదే. స్వేచ్ఛగా ఖర్చుకు వదిలింది 40 శాతం. రిజిస్ట్రేషన్ల మీద వచ్చే ఒకటిన్నర శాతం బదిలీ సుంకం స్థానిక సంస్థలదే. అది రియల్ ఎస్టేటు ఊపును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాన్ని నమ్ముకుని జీతాలు లెక్కవేయకూడదు.

మార్కెట్టు కొట్ల అద్దెలు కూడా చూడండి. పాట పాడుకున్నవాడు ఒకరు, నడిపేవాడు ఇంకొకరు. కార్పొరేషన్‌కు వచ్చేది నాలుగు వేలైతే లోపలివాడు పైవాడికి పన్నెండు వేలు ఇస్తున్నాడనుకోండి, ఆ ఎనిమిది వేలు ఊరి డబ్బు. లీజు గడువు తేదీలన్నీ ఒకే పట్టికలో పెట్టి ఆరు నెలల ముందే వేలం నోటీసు తయారుచేయాలి. గడువు దాటాక కదిలితే కోర్టు స్టే తెచ్చుకుంటారు, ఇక మూడేళ్లు పాత అద్దే.

వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలన్నదానికి నా మొదటి ఓటు కాలువలకు. మన జిల్లాలకు ఒక ప్రత్యేకత ఉంది. గోదావరి వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన చూసుకుంటే చాలు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు ఉంటాయి. నెల్లూరుకు ఏటి వానలో ఎక్కువ భాగం అప్పుడే. అయినా పూడికతీత టెండర్లు మే నెలలో పిలిచి, జూన్లో బిల్లు చేసి ముగిస్తారు. సెప్టెంబరుకల్లా కాలువ మళ్లీ నిండుతుంది. పూడిక రెండుసార్లు తీయాలి, రెండోది సెప్టెంబరు 30లోపు. తీసిన మట్టిని గట్టు మీదే ఆరబెట్టి వదిలేస్తే మొదటి వానకే లోపలికి జారుతుంది. రెండు రోజుల్లో ట్రాక్టరుకు ఎత్తకపోతే బిల్లు లేదని ఒప్పందంలోనే రాయండి. కొలత గట్టు మీది కుప్పను చూసి కాదు, కాలువ అడుగు మట్టానికి కట్టిన దారంతో తీయాలి.

ఒంగోలు చదును నేల. వాలు 500 మీటర్లకు ఒక మీటరు మాత్రమే దొరికే చోట, రోడ్డు కింది తూము అడుగును కాలువ అడుగు కంటే 15 సెంటీమీటర్లు ఎత్తులో కట్టారనుకోండి. వెనక 75 మీటర్ల దాకా నీళ్లు నిలుస్తాయి, అక్కడే మట్టి పేరుకుంటుంది, దోమ పుడుతుంది. కాలువను ఎంత వెడల్పు చేసినా ఆ తూము మారకపోతే లాభం లేదు. పోతురాజు కాలువ లాంటి పెద్ద కాలువకు కలిసే చోట మట్టం ముందు తీసుకుని, అక్కడి నుంచి వెనక్కి వీధుల దాకా లెవెల్స్ వేయాలి. మనవాళ్లు డివిజన్‌కు ఇంత అని నిధులు పంచి, ఎవరి ముక్క వాళ్లు కట్టిస్తారు. పైడివిజన్ కాలువ కిందిడివిజన్ కాలువ కంటే లోతుగా తేలుతుంది. నీళ్లకు డివిజన్ హద్దులు తెలియవు. ఇంకోటి, పైపులు ముందు, కాలువ తర్వాత, రోడ్డు చివర. నెల్లూరులో భూగర్భ డ్రైనేజీ, తాగునీటి పైపులు వేసిన ఏళ్లలో రోడ్లన్నీ తవ్వడం చూశాం. తవ్విన గాడిని పొరపొరగా తడిపి దిమ్మిస చేయకుండా పైన తారు పోస్తే ఆర్నెల్లలో కుంగుతుంది.

కుళాయి లెక్క. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో రెండు లక్షల మందికి 2 కోట్ల 70 లక్షల లీటర్లు కావాలి. సాగర్ కుడి కాలువ నీళ్లతో వేసవి చెరువులు నింపుకునే ఊరికి ఇది చిన్న సంగతి కాదు. దారిలో నూటికి 30 లీటర్లు పోతున్నాయనుకుంటే రోజుకు 81 లక్షల లీటర్లు, అంటే అరవై వేల మంది వాటా. 20 శాతం లోపు ఉండాలన్నది ప్రమాణం. కొత్త చెరువు తవ్వే ముందు ట్యాంకు నుంచి బయటికెళ్లే పైపుకు, మొత్తం నీటిని కొలిచే బల్క్ మీటరు ఒకటి పెట్టండి. అర్ధరాత్రి రెండింటికి, వాల్వులన్నీ కట్టాక కూడా ముల్లు తిరుగుతుంటే లీకు ఉందన్నట్టే. రోజు విడిచి రోజు నీళ్లిచ్చే ఊళ్లో ఇంకో ప్రమాదం: పైపు ఖాళీ అయినప్పుడు, ఇళ్లవాళ్లు కుళాయికే మోటారు బిగించి లాగినప్పుడు, మురుగు కాలువలో మునిగిన పైపు అతుకు నుంచి మురికి లోపలికి పోతుంది. చివరి ఇంటి కుళాయిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో వారానికోసారి చూడాలి. మొదటి ఇంట్లో చూసి సంతకం పెడితే ఉపయోగం లేదు.

బస్టాండు, మార్కెట్టు, రిమ్స్ దగ్గర మరుగుదొడ్ల విషయంలో కట్టడం ఖర్చు చిన్నది, నడపడం పెద్దది. ఎక్కువ పాట పాడినవాడికి ఇస్తే వాడు ఆ డబ్బు నీళ్లలో, ఫినాయిల్లో మిగుల్చుకుంటాడు. తక్కువ నిర్వహణ ఖర్చుకు ఎవరు నడుపుతారో అడగాలి. రోజుకు నాలుగుసార్లు కడగడం, లోపల గడియ, వెలుతురు, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండటం చూసి నెలనెలా చెల్లించాలి. ఆడవాళ్లవైపు నిర్వహణ పొదుపు సంఘాలకు ఇచ్చి చూడండి.

తోపుడు బండ్ల వాళ్లను శత్రువుల్లా చూడటం మానాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం వాళ్లే ఉండాలి, సర్వే చేయకుండా ఎవరినీ లేపకూడదు. వెండింగ్ జోన్ అని ఊరవతల ఖాళీ స్థలం చూపిస్తే నాలుగో రోజుకు బండి మళ్లీ ట్రంకు రోడ్డు మీదే ఉంటుంది. జనం నడిచే చోటికి యాభై అడుగుల్లోపే గీత గీయాలి. గుర్తింపు కార్డు ఉంటే వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన స్వనిధి పథకం రుణం వస్తుంది, వడ్డీవ్యాపారి రోజువారీ పీడ తగ్గుతుంది.

పొదుపు గురించి నెల్లూరు, ప్రకాశం ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. ఆ వెంటే రోజుకు రూపాయి దాచే పొదుపులక్ష్మి వచ్చింది. ఇవాళ మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింది పొదుపు సంఘాలకు పది లక్షల దాకా తనఖా లేకుండా బ్యాంకులు ఇస్తాయి. చిక్కు రుణంలో లేదు, అమ్మకంలో ఉంది. పది సంఘాలూ పచ్చళ్లే పెడితే ఎవరు కొంటారు? కార్పొరేషనే కొనే పనులు చూడండి: చెత్త సంచులు, పార్కుల నిర్వహణ, నర్సరీ మొక్కలు, సమావేశాల భోజనాలు.

చెత్త కంపోస్టు మీద ఒక్క హెచ్చరిక. మీటరున్నర ఎత్తు బారు కుప్ప, వారానికోసారి తిరగేయడం, పిడికిట పిండితే రెండు మూడు చుక్కలు కారేంత తేమ, లోపల 55 డిగ్రీల పైన వేడి ఉండాలి. ఇవన్నీ పాటించినా, రేకుల కప్పు లేకపోతే నవంబరు వానకు కుప్ప కుళ్లి నల్లనీళ్లు కారుతుంది, చుట్టుపక్కల ఊరు గేటుకు అడ్డం కూర్చుంటుంది. యంత్రాల కంటే ముందు షెడ్డు కట్టండి.

సభ నడిచే తీరు చెప్పి దిగుతాను. చివరి నిమిషంలో బల్ల మీదికొచ్చే టేబుల్ ఎజెండాలో పెద్ద పని ఏదీ ఒప్పుకోకండి. ఒకే కాలువను మూడు ముక్కలు చేసి మూడు పనులుగా వస్తే ఎందుకని నిలదీయండి. ప్రతి పని పక్కన నాలుగు గడులు ఉండాలి: ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పద్దు డబ్బు, ఎప్పటికి పూర్తి, తర్వాత మూడేళ్లు నిర్వహించేది ఎవరు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ పనిని వచ్చే సభకు వాయిదా వేయమని మేయరు గారిని కోరండి. మీ కుర్చీల మీద పెట్టిన కాగితంలో ఆ గడులు గీసి ఉన్నాయి. భోజనాల తర్వాత ఒక్కో డివిజన్ నుంచి ఒక్క పనే తీసుకుని నింపుదాం. డిమాండ్ రిజిస్టరు నకళ్లు రెవెన్యూ అధికారి దగ్గర ఉన్నాయి, ముందు అవి తీసుకోండి.