విండ్‌సర్ఫింగ్ మొదటి కిట్ రివ్యూ: పెద్ద బోర్డు, చిన్న సెయిల్

నమస్తే అండీ. విండ్‌సర్ఫింగ్, అంటే సెయిల్ (తెరచాప) బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో నీళ్ల మీద సాగడం, నేర్చుకుందామనుకునే వాళ్ల కోసం ఈ కిట్ చూద్దాం. ఇది 180 లీటర్ల బోర్డు, అంటే దాని ఘనపరిమాణం అంత. ఇంత పెద్దదా అనుకోకండి. మీ బరువు ఎన్ని కిలోలో దానికి ఇంకో 100 కలిపితే, సుమారుగా అన్ని లీటర్ల బోర్డు మొదట్లో మీకు సరిపోతుంది. బరువైనదే, తిరగడం కూడా నిదానమే. అయినా నిలబడడానికి ఇదే కావాలి. మధ్యలో ఉన్న ఈ డాగర్‌బోర్డు అనే రెక్కలాంటి పలకని కిందికి దించితే బోర్డు గాలికి పక్కకి కొట్టుకుపోదు. ఇది లేని బోర్డుతో మొదలుపెట్టమని నేనైతే ఎవరికీ చెప్పను.

సెయిల్ 4.5 చదరపు మీటర్లు. తేలికపాటి గాలికి చాలు.

ఇప్పుడు అసలు విషయం, బిగింపు. మాస్ట్‌ని, అంటే సెయిల్‌ని నిలబెట్టే స్తంభాన్ని, సెయిల్ తొడుగులోకి పూర్తిగా ఎక్కించండి. బూమ్‌ని, అంటే చేతులతో పట్టుకునే అడ్డ కడ్డీని, మీ భుజాల ఎత్తులో తగిలించండి. ముందు సెయిల్‌ని కిందికి లాగే డౌన్‌హాల్ తాడు, ఆ తర్వాతే వెనక్కి లాగే ఔట్‌హాల్. ఈ వరస మార్చకండి. డౌన్‌హాల్ గట్టిగా లాగాలి, మాస్ట్ పక్కన ముడతలు పోయేదాకా. చాలామంది ఇక్కడే సగంలో ఆపేస్తారు. అప్పుడు సెయిల్ పొట్ట (గాలికి ఉబ్బే భాగం) వెనక్కి జరిగి, బరువంతా వెనక చేతి మీద పడుతుంది. తప్పు తాడుది, వాళ్లేమో తమకి బలం చాలడం లేదనుకుంటారు. చూస్తే బాధేస్తుంది. ఔట్‌హాల్ మాత్రం కొంచెం బిగిస్తే చాలు.

నీళ్లలోకి దిగాక బోర్డు ఎక్కి, గాలి వీపుకి తగిలేలా, మాస్ట్‌కి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడండి. నడుము వంచకండి. సెయిల్‌ని పైకి లేపే తాడు పట్టుకుని, మోకాళ్లు కాస్త మడిచి, చేతులు చాచి వెనక్కి వాలండి. సెయిల్ మీది నీళ్లు జారిపోయాక, బావిలో చేద తోడినట్టు చెయ్యి మార్చి చెయ్యితో తాడు లాగండి. సెయిల్ లేచాక ముందు చెయ్యి బూమ్ మీద వేసి, మాస్ట్‌ని ముందుకు తెచ్చుకుని, వెనక చేత్తో మెల్లగా దగ్గరికి లాక్కోండి. కదిలింది కదా! మాస్ట్‌ని బోర్డు ముక్కువైపు వాలిస్తే గాలికి దూరంగా తిరుగుతుంది, తోకవైపు వాలిస్తే గాలికి ఎదురుగా తిరుగుతుంది. గాలి లాగేస్తుంటే వెనక చెయ్యి వదిలేయండి, ముందు చెయ్యి కాదు.

కొత్తవాళ్లకి నేను ధైర్యంగా చెప్పగలిగిన కిట్ ఇది. ఒంటికి కట్టుకుని బూమ్‌కి తగిలించుకునే హార్నెస్ ఇప్పుడే కొనకండి. ఒడ్డు నుంచి నీళ్లవైపు వీచే గాలిలో మాత్రం దిగొద్దు. అలసిపోతే బోర్డు ఎక్కి కూర్చుని చేతులూపి పిలవండి. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా, బోర్డు వదిలేసి ఈదకండి.