బొక్కలు పడ్డ పేజీలు

నమస్కారమండీ. మగ్గం వర్క్ షాపులో చూసే ఉంటారు, ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత పొడుగునా సూదితో బొక్కలు పొడిచి, బ్లౌజు గుడ్డ మీద పరిచి కిరసనాయిల్లో కలిపిన పౌడర్ రుద్దుతారు, పేపర్ ఎత్తితే డిజైన్ చుక్కలు చుక్కలుగా దిగిపోయి ఉంటుంది. ఐదొందల ఏళ్ల కింద యూరప్‌లో ఎంబ్రాయిడరీ వాళ్లూ ఇదే పని చేశారు, కాకపోతే అక్కడ బొగ్గుపొడి అద్దేవాళ్లు, ఇంకా డిజైన్ వాళ్లు గీసింది కాదు, అచ్చేసిన పుస్తకం కొనుక్కుని అందులో పేజీకే బొక్కలు పొడిచేవాళ్లు.

ఇలా పనివాళ్ల కోసం డిజైన్లు అచ్చేసే పద్ధతి వెనకున్నది చాలావరకు కంసాలులేనండీ. వెండి మీద లతలు చెక్కే చేత్తోనే రాగిరేకు మీద చెక్కి, గాట్లలో ఇంకు నింపి, తడి కాగితం పెట్టి నొక్కితే సరి, ఒకే బొమ్మకి బోలెడు కాపీలు. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న కోల్మార్‌లో షోన్‌గావర్ అనే చిత్రకారుడు ఉండేవాడు, కంసాలి కొడుకు, చర్చిలో ధూపం వేసే పాత్రని గొలుసులతో సహా చెక్కి అచ్చేశాడు. జర్మనీలో న్యూరెంబర్గ్ చిత్రకారుడు డ్యూరర్ కూడా అంతే, ముందు నాన్న దగ్గర కంసాలి పనే నేర్చుకున్నాడు. జర్మనీలోనే బోఖోల్ట్‌లో మెకెనెమ్ అని ఇంకో కంసాలి ఉన్నాడు, ఈయన షోన్‌గావర్ బొమ్మల్ని ఏ మొహమాటం లేకుండా కాపీ కొట్టి అమ్ముకున్నాడు, నాకైతే ఈయన కథే భలే సరదాగా ఉంటుంది.

1480 ప్రాంతంలో రోమ్‌లో నీరో చక్రవర్తి ప్యాలెస్ మట్టికింద దొరికింది. చిత్రకారులు పైకప్పు బొక్కల్లోంచి దిగి, దీపం పట్టుకుని చూస్తే గోడల నిండా సగం మనిషి సగం తీగ లాంటి వింత బొమ్మలు! గుహల్లాంటి చోట దొరికాయని వాటికి గ్రొటెస్క్ అని పేరొచ్చింది, ఇటాలియన్‌లో గ్రొట్టా అంటే గుహ. తర్వాత అవి అచ్చుల్లోకెక్కాయి, దాంతో రోమ్ మొహం చూడని జర్మన్ పనివాడు కూడా తలుపుల మీద, బాకుల ఒరల మీద అలాంటివి చెక్కేశాడు. ఆల్డెగ్రేవర్ అనే జర్మన్ కళాకారుడైతే 1530ల్లో అచ్చంగా బాకు ఒరల కోసమే డిజైన్లు అచ్చేశాడు. 1587లో పారిస్‌లో వించియోలో అనే వెనిస్ డిజైనర్ లేస్ డిజైన్ల పుస్తకం తెచ్చాడు, అది మళ్లీ మళ్లీ అచ్చయింది.

ఇంతా చేసి, బాగా వాడిన కాగితాలు వర్క్‌షాపుల్లోనే మసిబారి చిరిగిపోయాయి, మ్యూజియంలకి శుభ్రంగా చేరినవాటిలో చాలా వాటిని ఏ పనివాడూ ముట్టుకున్నట్టు లేదు. ఎక్కడో ఒక పుస్తకంలో పూలతీగ చుట్టూ సూది బొక్కలతో ఒక పేజీ మిగిలి ఉంటుంది చూడండీ, నాకు మాత్రం అదే చూడాలనిపిస్తుంది.